మీ పేరు మీద ఉన్న వైఫై

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా కాపురముంటూ, ఇంట్లో తెలుగు మాట నిలుపుకుంటూ వస్తున్న అమ్మలకు, అయ్యలకు, పిల్లలకు నమస్కారం.

మీలో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. బడిలో తమిళం చదివారు, ఇంగ్లీషు చదివారు. అవ్వతో, నైనాతో మాత్రం తెలుగులోనే మాట్లాడతారు. కాబట్టి ఈ సంగతి మీ చెవిన వెయ్యడానికి రేడియోని మించిన దారి లేదు. చదవనక్కర్లేదు, వింటే చాలు.

ఇవాళ నేను మాట్లాడబోయేది మీ ఇంట్లో టీవీ పక్కనో, గోడకు మేకు కొట్టో పెట్టుకున్న చిన్న పెట్టె గురించి. రాత్రీ పగలూ దానిమీద పచ్చ దీపాలు మినుకుతూ ఉంటాయి. కొందరు దాన్ని మోడెం అంటారు, కొందరు రౌటర్ అంటారు. మనం వైఫై పెట్టె అనుకుందాం.

ముందుగా ఒక్క మాట. ఈ ప్రసంగంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఆ పెట్టె మీ పేరు మీద ఉంది. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఆధార్ కార్డు ఇచ్చింది మీరు. నెలనెలా డబ్బు కడుతున్నది మీరు. కాబట్టి ఆ పెట్టె గుండా ఎవరు ఏం చేసినా, అది మీ ఇంట్లోంచి జరిగినట్టే లెక్కల్లో పడుతుంది. మళ్లీ చెబుతున్నాను. చేసింది ఎవరైనా, ముందు కనబడేది మీ పేరే.

అదెలా అంటారా? ఇప్పుడు నా గొంతు మీ ఇంట్లోకి ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించండి. మీరు తలుపు వేసుకునే ఉండొచ్చు. కిటికీ మూసుకునే ఉండొచ్చు. అయినా మాట వినబడుతోంది. రేడియో అల గోడ దాటి వచ్చింది. వైఫై కూడా అలాంటి రేడియో అలే. కాకపోతే మాది ఊళ్లు దాటి వస్తుంది, మీ పెట్టెది మీ ఇంటి చుట్టూ నాలుగైదు ఇళ్ల దాకా పోతుంది. అంతే తేడా. మీ ఇంటి గోడ నన్ను ఆపలేదు కదా, మీ వైఫైని కూడా ఆపలేదు.

మదురైలో మాసి వీధుల వెనక సందుల్లో ఇళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గోడకు గోడ ఆనుకునే ఉంటాయి. పక్కింట్లో తాలింపు వేస్తే మన ఇంట్లో దగ్గు వస్తుంది. కోయంబత్తూరులో ఆవారంపాళయం, గణపతి వైపు వెళ్లండి. ముందు లేత్ మిషన్లు, పంపుసెట్టు విడిభాగాలు, వెనక కాపురం. ఒకే కనెక్షన్‌తో ఇల్లూ నడుస్తుంది, వర్క్‌షాపూ నడుస్తుంది. పీళమేడులో మేడ మీద గదులు కాలేజీ పిల్లలకు అద్దెకిచ్చిన ఇళ్లు ఎన్నో. మీ వైఫై పక్కింటి వంటగదిలోకి పోతుంది, మేడ మీది గదిలోకి పోతుంది, ఎదురుగా ఆగిన బండి దాకా పోతుంది. పోవడంలో తప్పేమీ లేదు, అల స్వభావమే అది. ఆ అలని పట్టుకుని ఎవరు లోపలికి వస్తున్నారన్నదే మనం చూసుకోవాలి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. మన దేశంలోనే జరిగిన సంగతి ఒకటి వినండి.

2008 జూలై 26. అహ్మదాబాదులో వరసగా బాంబులు పేలాయి. యాభై మందికి పైగా చనిపోయారు. ఆ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ, పత్రికల ఆఫీసులకు ఒక ఈమెయిల్ వచ్చింది, ఈ పని చేస్తున్నది మేమే అంటూ. పోలీసులు ఆ మెయిల్ ఎక్కడినుంచి వచ్చిందో వెతికారు. ఆచూకీ నవీ ముంబైలో ఒక ఫ్లాటు దగ్గర తేలింది. అందులో ఉంటున్నది ఉద్యోగం కోసం వచ్చి కుటుంబంతో కాపురముంటున్న ఒక అమెరికా దేశస్తుడు. ఆయన్ని విచారించారు. కంప్యూటర్లు పట్టుకెళ్లి పరీక్ష చేశారు. పత్రికల్లో ఆయన పేరు మారుమోగిపోయింది. చివరికి ఏం తేలింది? ఆయనకూ ఆ మెయిల్‌కూ ఏ సంబంధమూ లేదు. ఆయన ఇంటి వైఫైకి సరైన కాపలా లేదు. ఎవరో దగ్గర్లో నిలబడి ఆ వైఫై పట్టుకుని మెయిల్ పంపి వెళ్లిపోయారు.

అది ఒక్కసారితో ఆగలేదు. ఆగస్టులో ముంబై మాటుంగాలోని ఒక కాలేజీ వైఫై నుంచి ఇంకో మెయిల్ వెళ్లింది. సెప్టెంబరులో ఢిల్లీలో పేలుళ్లు జరిగినప్పుడు చెంబూరులో ఒక ఆఫీసు వైఫై నుంచి మరొకటి వెళ్లింది. మూడు చోట్లా ఉన్నవాళ్లు ఏ పాపమూ ఎరగనివాళ్లే. మూడు గుమ్మాల్లోకీ పోలీసులు వచ్చారు. ఆ తర్వాత, 2009 మొదట్లో, ముంబై పోలీసులు తెరిచి వదిలేసిన వైఫైలు ఎక్కడెక్కడ ఉన్నాయో వీధుల్లో తిరిగి వెతికే పని కూడా పెట్టుకున్నారు.

1998 ఫిబ్రవరి 14 నాటి పేలుళ్లు చూసిన కోయంబత్తూరు వాళ్లకు ఇలాంటి సంగతి ఎంత బరువైందో నేను వేరే చెప్పక్కర్లేదు. అటువంటి ఘోరంలో మన ఇంటి పేరు ఒక్క గంటసేపు వినబడినా ఆ ఇల్లు తట్టుకోగలదా?

ఎప్పుడూ అంత పెద్ద నేరమే జరుగుతుందని కాదు. మీ వైఫై పట్టుకుని ఎవరో ఒకరి బ్యాంకు డబ్బు కాజేయవచ్చు. ఒక ఆడపిల్లను వేధిస్తూ మెసేజీలు పంపవచ్చు. ఫిర్యాదు వెళ్లినప్పుడు పోలీసులకు దొరికే మొదటి చిరునామా మీదే. నిర్దోషి అని చివరికి తేలుతుంది, నిజమే. కానీ ఆ తేలేలోపు పడే యాతన మీదే కదా.

సరే, మరి ఏం చెయ్యాలి? రెండు పాస్‌వర్డ్‌లు మార్చాలి. ఒకటి కాదు, రెండు. ఈ రెండో దాని సంగతి నూటికి తొంభై మందికి తెలియదని నా నమ్మకం. అందుకే నిదానంగా చెబుతాను.

మొదటిది మీకు తెలిసిందే. ఫోన్లో వైఫై పట్టడానికి కొట్టే పాస్‌వర్డ్. మన ఇళ్లలో అది ఎక్కువగా ఏముంటుంది? ఇంటి పెద్దాయన ఫోన్ నంబరు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వచ్చి, "సార్, మీ నంబరే పెట్టేస్తాను, మరిచిపోరు" అంటాడు. మనమూ సరే అంటాం. మరిచిపోని మాట నిజమే. కానీ మీ ఫోన్ నంబరు పాలవాడికి తెలుసు, గ్యాసు డెలివరీ అబ్బాయికి తెలుసు, వర్క్‌షాపు బోర్డు మీద రాసి ఉంది.

నంబరు తెలియనివాడు కూడా కనుక్కోగలడు. మీ ఫోను మీ పెట్టెకు కలిసే క్షణంలో అవి రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి కొంత మాటామంతీ జరుపుకుంటాయి. బయట నిలబడ్డవాడు ఆ మాటల్ని పట్టుకుని తన ఇంటికి తీసుకుపోగలడు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని, ఇది పాస్‌వర్డా, అది పాస్‌వర్డా అని తీరిగ్గా వరసగా ప్రయత్నిస్తాడు. వాడు చేస్తున్నది మీకు తెలియను కూడా తెలియదు. మన దేశంలో ఫోన్ నంబరు అంటే పది అంకెలు, మొదటిది ఆరు నుంచి తొమ్మిది లోపు. ఉన్న నంబర్లన్నీ వరసగా వేసి చూడడానికి ఒక మంచి కంప్యూటర్‌కి కొన్ని గంటలు చాలు. వినండి, కొన్ని గంటలు చాలు. పుట్టిన తేదీ అయితే అంతసేపు కూడా పట్టదు.

అందుకని పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. ఇందులో మనకు గొప్ప వసతి ఉంది. మీ ఇంట్లో మాట్లాడే తెలుగు మాటలు, ఒకదానికొకటి పొంతన లేనివి నాలుగు తీసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. మధ్యలో ఎక్కడో రెండు అంకెలు వెయ్యండి. ఇంటిపేరు వద్దు, ఊరి పేరు వద్దు, కులదేవత పేరు వద్దు. చింతకాయ, మబ్బు, రంపం, మేనత్త, ఇలా ఉండాలి. నేను చెప్పినవే పెట్టుకోకండి, ఇప్పుడు ఇవి అందరూ విన్నారు. మీ అవ్వ మాత్రమే వాడే మాట ఏదైనా ఉంటే ఇంకా మంచిది. ఆ మాట ఏ నిఘంటువులోనూ దొరకదు, దొంగ జాబితాలో ఎలా దొరుకుతుంది?

ఇక రెండో పాస్‌వర్డ్. ఇది పెట్టె లోపలికి వెళ్లే పాస్‌వర్డ్. వైఫై పట్టుకోవడానికి కాదు, ఆ పెట్టెను మన చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి. మీ వైఫై పెట్టెను ఒకసారి తిరగేసి చూడండి. అడుగున తెల్ల చీటీ ఒకటి అంటించి ఉంటుంది. చిన్న చిన్న అక్షరాలు. అందులో చుక్కలు పెట్టిన అంకెల వరస ఒకటి కనబడుతుంది, చాలా పెట్టెల్లో అది నూట తొంభై రెండుతో మొదలవుతుంది. దాని కింద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అని రాసి ఉంటుంది. చాలావాటిలో రెండు చోట్లా ఒకటే మాట, అడ్మిన్. ఒక కంపెనీ చేసిన పెట్టెలన్నిటికీ చాలాసార్లు అదే. మీ ఇంట్లో పెట్టెకూ అదే, తిరునెల్వేలిలో పెట్టెకూ అదే. ఒకసారి మీ వైఫైలోకి వచ్చినవాడు ఆ అడ్మిన్ అనే మాట కొట్టి పెట్టె లోపలికి వెళ్లాడంటే, మీ పాస్‌వర్డ్ మార్చేయగలడు. మీరు బ్యాంకు పేరు కొడితే నకిలీ బ్యాంకు పేజీకి మళ్లించే ప్రయత్నం కూడా చెయ్యగలడు.

కాబట్టి వైఫై పాస్‌వర్డ్ ఒకటి, పెట్టె లోపలి పాస్‌వర్డ్ ఒకటి. రెండూ మార్చాలి. రెండూ వేరువేరుగా ఉండాలి.

పీళమేడులో మా బంధువుల ఇంట్లో ఒకసారి ఆ లోపలి పేజీ తెరిచి చూశాం. అందులో ఇప్పుడు వైఫై పట్టుకుని ఉన్న ఫోన్లు, కంప్యూటర్ల జాబితా కనబడుతుంది. ఆ ఇంట్లో ఉన్నది అత్తా మామా ఇద్దరే. పిల్లలు బెంగళూరులో ఉన్నారు. ఇద్దరి ఫోన్లు, ఒక టీవీ, అంతే. జాబితా మాత్రం కిందికి పోతూనే ఉంది. అత్త కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేరు పైకి చదివింది. కొన్ని పోల్చుకుంది. ఇది రెండేళ్ల కిందట ఖాళీ చేసిపోయిన మేడ మీది అబ్బాయి ఫోను కదా అంది. ఆ అబ్బాయి పక్క వీధిలోనే ఉంటున్నాడు. ఫోను దానంతట అదే పట్టేస్తోందేమో, దురుద్దేశం ఉందని నేననను. అయినా అత్త ముఖం చిన్నబోయింది. మూడు పేర్లు మాత్రం ఎవరివో ఎవరికీ తెలియలేదు. ఆ సాయంత్రమే రెండు పాస్‌వర్డ్‌లూ మార్చారు. మార్చిన వెంటనే జాబితా ఖాళీ అయిపోయింది. తర్వాత వాళ్ల ఫోన్లు, టీవీ మాత్రమే తిరిగి వచ్చాయి.

అడగకుండా ఇతరుల వైఫైలోకి చొరబడడం మన చట్టంలో నేరం. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. మీ ఇంట్లో కుర్రాళ్లు ఎవరైనా సరదాకి పక్కింటి పాస్‌వర్డ్ కనుక్కున్నామని చెప్పుకుంటుంటే, ఈ సంగతి వాళ్లకు తప్పక చెప్పండి.

ఇప్పుడు ఇంట్లో ఫోన్లే కాదు, టీవీ కూడా వైఫైతోనే నడుస్తోంది. గుమ్మం మీద కెమెరా పెడుతున్నాం. వర్క్‌షాపులో కెమెరా పెడుతున్నాం. దొంగల్ని చూడడానికి పెట్టిన కెమెరాకే కంపెనీవాళ్లు ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంచేస్తున్నాం. దీనికి మదురై వాళ్లకు తెలిసిన కథ ఒకటి చెబుతాను. విశ్వనాథ నాయకుడి కాలంలో మదురై కోటకు 72 బురుజులనీ, ఒక్కో బురుజు కావలి ఒక్కో పాళెగాడికి అప్పగించారనీ చెప్పుకుంటారు. ఒక్క బురుజు మీద కావలివాడు నిద్రపోతే, మిగతా డెబ్బై ఒకటీ మేలుకుని ఏం లాభం? మీ వైఫై పట్టుకున్న ప్రతి వస్తువూ ఒక బురుజే. 2016లో మిరాయ్ అనే ఒక దొంగ ప్రోగ్రామ్ ప్రపంచమంతా పాకింది. దాని దగ్గర ఉన్నది అరవై పైచిలుకు కంపెనీ పాస్‌వర్డ్‌ల జాబితా. అంతే. ఆ జాబితాతోనే లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. వాటిని ఒకేసారి ఉసిగొల్పితే, ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు పనిచెయ్యలేదు. ఆ కెమెరాల యజమానులకు తమ కెమెరా ఏం చేస్తోందో తెలియనే తెలియదు.

ఇదంతా మనకెక్కడ చేతనవుతుంది అనుకుంటున్నారా? కోయంబత్తూరు వాళ్లు ఆ మాట అనకూడదు. కలంగల్ అనే చిన్న ఊళ్లో, తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు పెద్ద చదువులు చదవలేదు. మొదటిసారి మోటారు సైకిల్ చూసి, పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొని, ముక్కముక్కగా విప్పి మళ్లీ బిగించారు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించారు. ఆయన ఊరివాళ్లం మనం. ఇంట్లో ఉన్న అరచేయంత పెట్టెను చూసి వెనకాడడం ఏమిటి?

విప్పనక్కర్లేదు కూడా. ఫోను వైఫైకి కలిపి ఉంచి, చీటీ మీది అంకెల వరసను ఫోన్లో క్రోమ్ తెరిచి పైన కొట్టండి. పేజీ వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్‌లు మార్చండి. సెక్యూరిటీ అని ఉన్న చోట డబ్ల్యూపీఏ2 గానీ, ఉంటే డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోండి. ఓపెన్ అని ఉంటే మార్చెయ్యండి. వెప్ అని ఉందంటే ఆ పెట్టె బాగా పాతది. ఆ పద్ధతిని ఛేదించే దారి 2001లోనే బయటపడింది, దాన్ని నమ్ముకోవద్దు. డబ్ల్యూపీఎస్ అని ఒకటి కనబడుతుంది, పాస్‌వర్డ్ లేకుండా చిన్న పిన్ నంబరుతో కలిపే ఏర్పాటు అది. ఆ పిన్‌ను తేలిగ్గా కనుక్కోవచ్చని 2011లో తేలింది. ఆపెయ్యండి. అప్‌డేట్ అని కనబడితే ఒప్పుకోండి, కంపెనీవాళ్లు కనిపెట్టిన కన్నాలు వాటితోనే పూడుతాయి.

వైఫై పేరు దాచిపెడితే చాలు, ఎవరికీ కనబడదు అని కొందరు సలహా ఇస్తారు. నా మాట వింటే దాన్ని నమ్మకండి. వెతికేవాడికి ఆ పేరు నిమిషంలో దొరుకుతుంది. పేరు దాచడం కన్నా, ఆ పేరులో మీ ఇంటిపేరు, ఇంటి నంబరు లేకుండా చూసుకోవడం మేలు.

మరి ఇంటికి వచ్చిన చుట్టాల మాటేమిటి? ఇది నాకు ముఖ్యమైన సంగతి. మన ఇళ్లలో గడప దాటి వచ్చినవాళ్లకు మజ్జిగ ఇవ్వకుండా పంపరు. వైఫై అడిగితే ఇవ్వనని ఎలా అంటాం? అనక్కర్లేదు. ఇప్పటి పెట్టెల్లో గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే ఏర్పాటు ఉంటుంది. చుట్టాలకు అదివ్వండి. దాని పాస్‌వర్డ్ వేరు. వాళ్లకు ఇంటర్నెట్ వస్తుంది, మీ వర్క్‌షాపు కంప్యూటర్, మీ కెమెరా మాత్రం వాళ్లకు అందవు. పెళ్లికో, పండగకో ఇల్లు నిండినప్పుడు తెరవండి. వాళ్లు వెళ్లాక పాస్‌వర్డ్ మార్చండి. మేడ మీద అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినప్పుడు ఇంటి తాళంచెవి వెనక్కి తీసుకుంటారు కదా, ఆ రోజే వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చండి. కుటుంబమంతా తిరుపతికో, పళనికో వెళ్లేటప్పుడు కెమెరా నడవాల్సిన పని లేకపోతే పెట్టె స్విచ్ కట్టేసి వెళ్లండి.

పిల్లలు దూరాన ఉండి, ఇంట్లో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు ఒక మాట. "మీ వైఫై హ్యాక్ అయింది, మేం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, ఒక యాప్ ఎక్కించుకోండి" అని ఎవరైనా ఫోను చేస్తే, పెట్టెయ్యండి. పాస్‌వర్డ్ చెప్పకండి, ఓటీపీ చెప్పకండి. మీ బిల్లు మీద ఉన్న నంబరుకు మీరే తిరిగి ఫోను చేసి కనుక్కోండి. ఒకవేళ డబ్బు పోయిందా, సిగ్గుపడకండి, ఆలస్యం చెయ్యకండి. వెంటనే 1930 కి ఫోను చెయ్యండి. పంతొమ్మిది ముప్పై. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు కూడా ఒక కాగితం మీద రాసి ఫోను దగ్గర పెట్టుకోండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

ఈ ప్రసంగం అయిన వెంటనే లేచి ఆ వైఫై పెట్టెను తిరగేసి చీటీ చదవండి. అక్షరాలు కనబడకపోతే ఇంట్లో మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరూ లేకపోతే కనెక్షన్ ఇచ్చిన కుర్రాడిని రేపు పిలిపించి, మీ కళ్లముందే రెండు పాస్‌వర్డ్‌లూ మార్పించండి. కొత్తవి మీరే కొట్టండి, అతనికి చెప్పకండి. కొత్త పాస్‌వర్డ్‌లు నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. ఆ తర్వాత పక్కింటివాళ్లకు కూడా ఈ సంగతి చెప్పండి. వాళ్ల ఇంట్లో తెలుగు రాకపోతే తమిళంలో చెప్పండి.